గాల్లో ఉన్నోడు అంతసేపు ఎట్లా ఆలోచిస్తాడు

స్లామ్ డంక్ అనే జపాన్ బాస్కెట్‌బాల్ మాంగా, అంటే బొమ్మల కథ, నేను మొదటిసారి చదివింది వెనక్కి. అంటే నిజంగానే వెనక్కి. 2007లో ఇంజనీరింగ్ సెకండియర్, హాస్టల్లో మా రూమ్మేట్ కంప్యూటర్, ఎవరో అభిమానులు జపాన్ పుస్తకాలు స్కాన్ చేసి ఆ బుడగల్లో ఇంగ్లీష్ మాటలు అతికించి పెట్టిన పేజీలు, ఒక సీనియర్ అన్న హార్డ్ డిస్క్ నుంచి మా రూముకొచ్చాయి. నేను చందమామ చదివినట్టే ఎడం నుంచి కుడికి చదువుకుంటూ పోయా. బంతి ముందు బుట్టలో పడేది, తర్వాత గాల్లో ఉండేది, ఆ తర్వాత చేతిలోకొచ్చేది. జవాబు ముందు, ప్రశ్న తర్వాత. ఇరవై పేజీలు అట్లాగే చదివాక మా వాడు స్నానం చేసొచ్చి నా భుజం మీంచి చూసి "ఒరేయ్, కుడి నుంచి ఎడమకి రా" అన్నాడు. మళ్లీ మొదటి పేజీకెళ్లా, ఆ రాత్రి నాలుగింటిదాకా లేవలేదు.

కథ తెలీనివాళ్ల కోసం రెండు ముక్కలు. జపాన్‌లో కనగావా ప్రాంతంలో షోహోకు అనే హైస్కూలు. అందులో కొత్తగా చేరిన సకురాగి హనమిచి, ఎర్ర జుట్టు, మొండోడు, కొట్లాటలు తప్ప ఏమీ తెలీదు, అంతకుముందు స్కూల్లో యాభై మంది అమ్మాయిలు వద్దన్నారు. హరుకో అనే అమ్మాయి వచ్చి నీకు బాస్కెట్‌బాల్ ఇష్టమా అని అడుగుతుంది, ఆ పిల్ల కోసం ఇష్టమనేస్తాడు, అంతే, మొదలైంది. రాసి బొమ్మలేసింది తకెహికో ఇనోవే, 1990 నుంచి 1996 దాకా షోనెన్ జంప్ అనే వారపత్రికలో వచ్చింది, 276 భాగాలు, పుస్తకాలుగా 31. ఇంత పెద్ద కథలో ఆ కుర్రాడు బంతి పట్టుకుని ఆడింది లెక్కేస్తే నాలుగు నెలలే. ఏప్రిల్లో స్కూల్లో చేరాడు, ఆగస్టులో ఆఖరి మ్యాచ్. నాలుగు నెలల్ని ఆరేళ్లు చెప్పాడాయన.

నేను ఇన్నేళ్లయినా వదల్లేకపోయింది ఈ టైము సంగతే. చదువుతున్నప్పుడు నాకొచ్చిన మొదటి డౌటు కూడా అదే. ఒకడు బంతి కోసం ఎగిరాడు. గాల్లో ఉన్నాడు. ఆ పేజీలో వాడు తన గురించి ఆలోచిస్తాడు, కింద బెంచి మీదున్నోడు వాడి గురించి ఆలోచిస్తాడు, అవతలి టీము కోచ్ "వీడు మూడు వారాల కింద ఇట్లా లేడే" అనుకుంటాడు, గ్యాలరీలో ఉన్న వేరే స్కూలు వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటారు, మధ్యలో రెండేళ్ల కిందటి సంగతొకటి వచ్చి పోతుంది, ఇంతా అయ్యాక పేజీ తిప్పితే వాడింకా గాల్లోనే ఉంటాడు. మా రూమ్మేట్‌ని అడిగితే "అది అంతేరా, స్పోర్ట్స్ మాంగా అన్నీ అంతే" అన్నాడు. కానీ నాకది కొత్తగా అనిపించలేదు. ఎక్కడో చూశా దీన్ని అని రెండు మూడు రోజులు బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది, మా తాతయ్య.

మాది తెనాలి పక్క పల్లెటూరు. చిన్నప్పుడు ఎక్కడ పద్యనాటకం ఉన్నా తాతయ్య నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద తువ్వాలేసి కూచోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. కురుక్షేత్రం. యుద్ధం మధ్యలో అర్జునుడు నిలబడిపోయి ఉంటాడు, కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు, నాలుగు పాదాలు అయిపోయాక చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తాడు చూడండి, హార్మోనియం వెంట పడుతుంటే అది పోతానే ఉంటుంది, జనం ఈలలు, ఒన్స్‌మోర్, మళ్లీ అదే పద్యం మొదట్నుంచి. అంతసేపూ అవతల కౌరవ సైన్యం ఆగి ఉంటుంది. నాకు ఆరేడేళ్లప్పుడు "తాతయ్యా, ఈయన పాడేలోపు వాళ్లు బాణం వెయ్యరా" అని అడిగితే ఆయన నవ్వలేదు, చాలా సీరియస్‌గా "పద్యానికి గడియారం ఉండదు రా నాయనా" అన్నాడు. పద్యం మధ్యలో టైము ఆగడం తప్పుకాదని, అసలు నాటకం ఉండేదే అక్కడని నాకప్పుడు అర్థం కాలేదు, హాస్టల్లో ఆ ఎర్ర జుట్టోడు గాల్లో ఉండిపోయిన పేజీ దగ్గర అర్థమైంది.

ఒకసారి అట్లా చూడటం మొదలుపెట్టాక అన్నీ మనవే అనిపించాయి. రియోనాన్ అనే స్కూల్లో హికోయిచి అని ఒకడుంటాడు, నోటుబుక్కు పట్టుకుని ప్రతి మ్యాచ్‌కీ వచ్చి అందరి గురించి రాసుకుంటా "అమ్మో, వీడు మామూలోడు కాదు" అంటుంటాడు. వాడిది బుర్రకథలో వంత పని. కథకుడు ఒక మాటంటే పక్కన వంత ఆశ్చర్యపోయి అడిగితేనే గదా జనానికి అది గొప్ప సంగతని తెలిసేది. షోహోకు ఆడే మ్యాచ్‌ల్లో గ్యాలరీ నిండా ఇట్లాంటోళ్లే, ఓడిపోయిన టీముల వాళ్లంతా ఇంటికి పోకుండా వచ్చి కూచుని మనకి వివరం చెప్తారు, ఫలానావోడు ఎందుకు అటు జరిగాడు, ఆ స్క్రీన్, అంటే అవతలివాడికి అడ్డంగా నిలబడటం, ఎందుకు పెట్టారు, బుట్టలో పడక తిరిగొచ్చే బంతి, అదే రీబౌండ్‌కి ముందు కాళ్లు ఎక్కడుండాలి. అది చాలకపోతే డాక్టర్ టి అని చిన్న బొమ్మొకటి పేజీలో ఓ మూలకొచ్చి రూలు చెప్పి పోతుంది. ఐదు ఫౌల్స్ అయితే బయటికి పోవాలి, బంతి పట్టుకుని ఇన్ని అడుగులే వెయ్యాలి, ఇట్లాంటివి. జపాన్‌లో కూడా ఆ రోజుల్లో బేస్‌బాల్ తెలిసినంతగా బాస్కెట్‌బాల్ తెలీదు గదా, అందుకని హీరోకే ఏమీ తెలీకుండా పెట్టి వాడితో పాటు చదివేవాళ్లకీ నేర్పాడు. నాకు బాస్కెట్‌బాల్ ఓనమాలు నేర్పింది మా కాలేజీ పీఈటీ సార్ కాదు, ఆ సకురాగి గాడే.

కాలేజీ టీములో నేను ఉన్నాను, బెంచి మీద. మూడేళ్లున్నా. ఇది చెప్పటానికి కారణం కొగురే. కళ్లజోడు పెట్టుకుని ఉంటాడు, మెత్తటి మనిషి, ఒంటికి కాస్త బలమొస్తుందని చిన్నప్పుడు బాస్కెట్‌బాల్‌లో చేరాడు, తర్వాత ఇష్టం పుట్టింది, కెప్టెన్ అకాగితో పాటు ఎవరూ పట్టించుకోని రోజుల నుంచీ ఉన్నాడు. ఫస్టియర్ పిల్లలు వచ్చి ఐదుగుర్లో చేరిపోతే ఈయన బెంచి మీద. రియోనాన్‌తో మ్యాచ్, గెలిస్తే జాతీయ పోటీలకి, ఓడితే థర్డియర్ వాళ్లకి అదే ఆఖరి ఆట. చివర్లో అవతలి కోచ్ వీడేం చేస్తాడులే అని కొగురేని కాపు కాయకుండా వదిలేయిస్తాడు. బంతి ఆయనకొస్తుంది. త్రీ పాయింటర్, దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాటు. పడుతుంది. 70-66, గెలిచారు. అయిపోయాక ఆ కోచ్ ఓటమి ఎందుకొచ్చిందో చెప్తా, వాడూ మూడేళ్లు కష్టపడ్డవాడే, తక్కువ అంచనా వేశాను అని ఒప్పుకుంటాడు. నేనప్పుడు రూము తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. కథలో ఎప్పుడో పెట్టిన చిన్న విత్తనం, వందల పేజీలు దాన్ని ఎవరూ తాకకుండా ఉంచి, అవసరమైన ఒక్క సెకనులో మొలిపించాడు, ఆ సెకనుని ఎంత సాగదీశాడంటే ఆ బంతి పైకెళ్లి కిందికొచ్చేలోపు ఆయన మూడేళ్లూ మన కళ్ల ముందు తిరిగి పోతాయి. సాగదీయటం అని మనం తిట్టేది ఒకటుంది, ఇది అది కాదు.

మిత్సుయి సంగతి ఇంకోటి. రౌడీ గ్యాంగుని వెంటేసుకుని జిమ్‌లోకి బూట్లతో వస్తాడు, కొట్లాట, రక్తం, పేజీల కొద్దీ ఒక్క బాస్కెట్‌బాల్ సీను ఉండదు, ఏంటి ఈ కథ దారి తప్పిందా అనుకుంటాం, చివరికి తలుపు తీసుకుని ముసలి కోచ్ అంజాయ్ సార్ లోపలికి రాగానే వాడు కూలబడిపోయి బాస్కెట్‌బాల్ ఆడాలనుంది సార్ అంటాడు. అంతసేపు వాడెవరో, ఎందుకు ఈ ఆట మీద ఇంత కోపమో చెప్పకుండా ఆపి, ఆ ఒక్క మాట దగ్గర అంతా కుమ్మరించాడు. మా ఫ్లోర్‌లో ఆ పేజీ చదివి మామూలుగా ఉన్నవాణ్ణి నేను చూళ్లేదు.

టీవీ సిరీస్ తర్వాత చూశాం. తోయే అనే యానిమేషన్ కంపెనీ వాళ్లు తీసింది, 1993 అక్టోబర్ నుంచి 1996 మార్చి దాకా, 101 ఎపిసోడ్లు. మొదటి ఓపెనింగ్ పాట మా ఫ్లోర్‌లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికీ కంఠతా వచ్చు, అందులో సముద్రం పక్కన రైల్వే గేటు దగ్గర ఆ అమ్మాయి చెయ్యూపే చోటు, కమకురా దగ్గర నిజంగా ఉన్నదే, ఇప్పటికీ అభిమానులు వెళ్లి అక్కడ నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ సిరీస్ అంటే నాకు ప్రాణం, అయినా చెప్పాలి, అక్కడ టైము బరువెక్కింది. పుస్తకంలో గాల్లో ఉన్నవాడి దగ్గర ఎంతసేపు ఆగాలో మన ఇష్టం, కన్ను త్వరగా పోతే త్వరగా పోతుంది, ఆగాలనిపిస్తే ఆగుతాం. టీవీలో ఆ పని వాళ్లే చెయ్యాలి. పైగా పత్రికలో కథ ఇంకా నడుస్తానే ఉంది, దాన్ని దాటిపోకూడదు, అందుకని ఒక ఎపిసోడ్ మొత్తానికి ఆటలో ఒకట్రెండు నిమిషాలే జరుగుతుంది, బొమ్మ కదలకుండా ఆగి ఉంటుంది, లోపలి మాటలు నడుస్తుంటాయి, చూసిందే మళ్లీ గుర్తు చేసుకుంటారు. మా రూమ్మేట్ ఫాస్ట్ ఫార్వర్డ్ కొడితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, దీని మీద మాకు నిజంగా గొడవలయ్యాయి, రెండ్రోజులు మాట్లాడుకోలేదు ఒకసారి. పద్యం మంచిదే, హార్మోనియం ఆయనే కొంచెం ఎక్కువసేపు వాయించాడు అని నేననేది, వాడికి నాటకం సంగతి తెలీదు గదా, అర్థమయ్యేది కాదు.

ఈ అలవాటు స్లామ్ డంక్‌తో పుట్టింది కాదని తర్వాత తెలుసుకున్నా. 1966లో మొదలైన క్యోజిన్ నో హోషి అని బేస్‌బాల్ కథ ఉంది, ఇక్కి కజివారా రాసింది, నొబోరు కవసాకి బొమ్మలు, 1968లో టీవీకొచ్చింది, అందులో బంతి విసిరితే అది బ్యాటు దగ్గరికి చేరేలోపు బోలెడు కథ నడుస్తుంది, కళ్లల్లో నిజంగా మంటలు లేస్తాయి. 1981లో వచ్చిన ఫుట్‌బాల్ కథ కెప్టెన్ త్సుబాసాలో గ్రౌండు ఎంత పొడుగంటే పరిగెత్తేవాడికి అవతలి గోల్ పోస్టు భూమి అంచు కింద నుంచి పైకి వస్తున్నట్టు కనపడుతుంది. ఆ బేస్‌బాల్ కథనే క్రికెట్‌గా మార్చి సూరజ్ ద రైజింగ్ స్టార్ అని 2012 డిసెంబర్లో కలర్స్ ఛానల్లో వేశారు, ముంబై బస్తీ కుర్రాడు హీరో, జపాన్ వాళ్లతో కలిసి అది చేసింది మన హైదరాబాద్ కంపెనీ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ అని తెలిసినప్పుడు నాకెంత సంతోషమేసిందో. అసలు కథలో తండ్రి పిల్లాడి ఒంటికి స్ప్రింగుల కవచం కట్టి ట్రైనింగ్ ఇప్పిస్తాడు, ఇక్కడికొచ్చేసరికి అది సైకిల్ ట్యూబులైంది. ఆదివారం పొద్దున లేచి చూసేవాణ్ణి. బౌలర్ పరుగు మొదలెట్టి బంతి వదిలేలోపు ఎన్ని సంగతులో, క్రికెట్‌కి ఆ పద్ధతి ఎంత బాగా అతికిందో.

సరే, స్లామ్ డంక్ ఆఖరి మ్యాచ్‌కొస్తా. హిరోషిమాలో జాతీయ పోటీలు, అవతల అకిత నుంచి వచ్చిన ఛాంపియన్లు సన్నో. ఆరేడు పుస్తకాలు ఒకటే మ్యాచ్. ఇరవైకి పైగా పాయింట్లు వెనకబడి, సకురాగి వెన్నుకి దెబ్బ తగిలి, కోచ్ బయటికి రమ్మంటే, సార్ మీ జీవితంలో గొప్ప రోజులు ఎప్పుడు, నాకు మాత్రం ఇప్పుడే అంటాడు. ఇన్ని పుస్తకాలుగా అందరూ మాట్లాడుతున్నారు గదా, బెంచి, గ్యాలరీ, కోచ్‌లు, గాల్లో ఉన్నవాళ్లు, ఆ చివరి సెకన్లు వచ్చేసరికి ఇనోవే మాటలు ఆపేశాడు. బుడగ లేదు, చప్పుళ్లు రాసే అక్షరాలు కూడా లేవు. సన్నో ఒక్క పాయింట్ ముందుంది. పేజీ తర్వాత పేజీ, కాళ్లు, చేతులు, కళ్లు, గడియారం. ఎవరికీ అంత తేలిగ్గా పాస్ ఇవ్వని రుకావా, అదే టీము కుర్రాడు, తనకి ఎప్పుడూ పడని సకురాగికి బంతి ఇస్తాడు. సకురాగి మాత్రం తనలో తాను ఒక్క మాట, ఎడం చెయ్యి ఊరికే ఆసరాకి అంటాడు, ఎప్పుడో షూటింగ్ నేర్చుకునేటప్పటి మాట, అంతకుముందు వారం రోజులు ఇరవై వేల షాట్లు వేసి ఒంట్లోకి ఎక్కించుకున్న మాట. 79-78. ఆ ఇద్దరూ చేతులు కొట్టుకునే బొమ్మ రెండు పేజీల నిండా.

హాస్టల్లో అది చదివేప్పుడు నేను మౌస్ నొక్కటం కూడా మెల్లగా నొక్కా, చప్పుడైతే పాడైపోతుందేమో అన్నట్టు. తాతయ్య ఒకసారి చెప్పాడు, మంచి నటుడు రాగం తీసి ఆపాక జనం వెంటనే ఈల వెయ్యరు, ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, పద్యం ఎంత గొప్పదో ఆ క్షణంలో తెలుస్తుంది అని. ఇనోవే అన్నేళ్లు తీసిన రాగమంతా ఆ క్షణం కోసమే అనిపించింది.

తర్వాత పేజీలో ఏముంటుందో తెలుసా. వాళ్లు దిగిన ఫోటో పత్రిక కవర్ మీదకి రాలేదని, సన్నోతోనే శక్తంతా అయిపోయి తర్వాతి రౌండ్లో ఐవా అనే స్కూలు మీద చిత్తుగా ఓడిపోయారని, ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాడు. ఒక మ్యాచ్‌కి ఆరేడు పుస్తకాలు, ఇంకో మ్యాచ్‌కి ఒక వాక్యం. ఏది పద్యమో ఏది వచనమో ఆయనకి అంత తెలుసు.

టీవీ వాళ్లు అక్కడిదాకా రాలేదు. పత్రికలో కథ అయిపోకముందే సిరీస్ అయిపోయింది, జాతీయ పోటీలకి బయల్దేరటంతో ఆపేశారు. ఇనోవే 2004లో పదికోట్ల కాపీలు అమ్ముడైనందుకు కనగావాలో మూతపడిన ఒక హైస్కూల్లో 23 నల్లబల్లల మీద సుద్దతో, కథ అయిపోయిన పది రోజుల తర్వాత ఏం జరిగిందో బొమ్మలేసి మూడ్రోజులు చూపించి చెరిపేశాడు, అంతే. సన్నో మ్యాచ్ మాత్రం తెర మీద ఎవరూ చూళ్లేదు. హాస్టల్లో మేం పడుకుని అనుకునేవాళ్లం, ఆ చివరి పేజీలు తెర మీద ఎట్లా తియ్యాలి, మ్యూజిక్ పెట్టాలా, స్లో మోషనా, మాట్లాడుకుంటూ తెల్లారిపోయేది.

2022 డిసెంబర్ 3న జపాన్‌లో ద ఫస్ట్ స్లామ్ డంక్ అనే సినిమా వచ్చింది, రాసింది డైరెక్ట్ చేసింది ఇనోవేనే. టీవీ ఆగిన ఇరవై ఆరేళ్లకి. 2023 జులైలో ఇక్కడికొచ్చింది, హైదరాబాద్‌లో సాయంత్రం ఆటకి ఒక్కణ్ణే వెళ్లా, జపనీస్‌లో, కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. మొదట్లోనే పెన్సిల్ గీతలు కదిలి ఒక్కొక్కడుగా ఐదుగురూ నడిచొస్తుంటే నాకు కళ్లు మసకలేశాయి. ఆశ్చర్యం ఏంటంటే ఎవరూ గాల్లో ఆగట్లేదు. నిజం ఆటగాళ్ల కదలికలు పట్టి చేశారు, బంతి ఎంత వేగంగా పోవాలో అంత వేగంగా పోతుంది, ఎగిరినవాడు వెంటనే కిందికొస్తాడు, గ్యాలరీ వాళ్ల వివరణలు చాలా మటుకు లేవు. ఆయన కట్టుకున్న పద్ధతిని ఆయనే విప్పేశాడు. దాని బదులు పొట్టి కుర్రాడు మియాగి ర్యోతా ఒకినావాలో పెరిగిన ఇల్లు, సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని అన్న, మాట్లాడని తల్లి, పుస్తకంలో లేని కథంతా మ్యాచ్ మధ్యమధ్యలో పెట్టాడు. సకురాగి వెనక్కి జరిగాడని కొంతమంది బాధపడ్డారు, కొగురే షాటు లేదని నాకూ కాస్త బాధేసింది. కానీ మనిషి ఆగకుండా, ఆట ఆగకుండా, ఒక పిల్లాడి పదేళ్లు ఒక మ్యాచ్‌లో పెట్టటం, అది కూడా ఆ పాత పద్ధతే, గాల్లో చేసే పని నేల మీద చేశాడు.

చివరి సెకన్లు వచ్చాయి. సౌండ్ పోయింది. పూర్తిగా. థియేటర్లో ఏసీ చప్పుడు వినపడింది, ఎవరిదో చేతిలో పాప్‌కార్న్ డబ్బా ఆగిపోయింది. సకురాగి పెదవులు కదిలాయి. ఆ మాట నాకు వినపడాల్సిన పనిలేదు.

బయటికొచ్చి పార్కింగ్‌లో బండి దగ్గర నిలబడి మా రూమ్మేట్‌కి ఫోన్ చేశా. వాడిప్పుడు డాలస్‌లో ఉంటాడు, అక్కడ సినిమా ఇంకా రాలేదు. ఎత్తగానే "చూశావా? కథ చెప్పకు, ఒక్కటే చెప్పు, చివరి నిమిషం ఎట్లా తీశాడు?" అన్నాడు. చెప్దామని నోరు తెరిచా. గొంతు రాలేదు. అటు వాడూ ఏం అనలేదు. ఫోన్ కట్ అయిందేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూశా, స్క్రీన్ మీద సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి.